భువనగిరి గుట్ట: మోకాళ్ల నొప్పులున్న నాన్న, నాలుగో తరగతి బాబుతో ఎక్కొచ్చా?

స్వాతి_మిర్యాలగూడ

నమస్తే అందరికీ. సంక్రాంతి సెలవుల్లో మా నాన్నను, బాబును తీసుకుని భువనగిరి గుట్ట మీది కోటకు పోదామనుకుంటున్నాం. నాన్నకు 68 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయన్నారు డాక్టర్లు. ఇంట్లో మెట్లు ఎక్కడానికే ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నా భుజానికి ఆనిస్తాడు. బాబుకేమో ఎత్తు కనిపిస్తే కాళ్లు ఆగవు. ఇద్దరిలో ఎవరిని పట్టుకోవాలో అని నాకు ఇప్పటి నుంచే టెన్షన్.

నాన్న పట్టుదలకు కారణం మా తాత. నిజాం కాలంలో తెలుగువాళ్ల సంఘమైన ఆంధ్ర మహాసభ 1944లో భువనగిరిలో పెట్టిన సభకు ఊరివాళ్లతో కలిసి పోయాడట. సభలో ఎవరేం మాట్లాడారో ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఊరి కంటే ముందు గుట్ట కనబడ్డది, ఎంత నడిచినా దగ్గరికి రాదు" అని తాత అన్న మాటొక్కటే నాన్న దగ్గర మిగిలింది. ఆ గుట్టను ఒక్కసారి ముట్టుకుని రావాలని ఆయన కోరిక.

వీడియోలు చాలా చూశాను. అన్నింట్లో డ్రోన్ షాట్లు, వెనక దడదడమని మ్యూజిక్. మెట్లు ఎలా ఉంటాయి, రెయిలింగ్ ఎక్కడ ఉంది, నాన్న ఎక్కడిదాకా రాగలడు, ఆయన కిందే ఆగిపోతే చూడడానికి ఏమన్నా ఉందా అన్నది ఒక్కరూ చెప్పలేదు. రైలు మేలా, బస్సు మేలా? ఇంకొకటి. "ఇంత పెద్ద రాయిని అక్కడ ఎవరు పెట్టిండ్రు?" అని బాబు అడుగుతున్నాడు. వాడికి చెప్పడానికి నాలుగు ముక్కలు కావాలి.

ప్యాసింజర్ బండి

రైలు సంగతి నేను చెప్తా. మిర్యాలగూడలో ఎక్కి నేరుగా భువనగిరిలో దిగడం కుదరదండి. మీ లైను నల్గొండ, చిట్యాల, రామన్నపేట, వలిగొండ మీదుగా వచ్చి పగిడిపల్లి దగ్గర కాజీపేట లైనులో కలిసి సికింద్రాబాద్ వైపు తిరుగుతుంది. భువనగిరి స్టేషన్ ఏమో కాజీపేట వైపు ఉంది. అందుకని బీబీనగర్‌లో దిగి, అక్కడి నుంచి వరంగల్ రోడ్డు మీద పోయే బస్సో ఆటోనో పట్టుకోవాలి. అన్ని రైళ్లూ బీబీనగర్‌లో ఆగవు, ముందే చూసుకోండి.

పెద్దాయనతో అయితే బస్సే సుఖం. నల్గొండలో మారితే చిట్యాల, రామన్నపేట, వలిగొండ మీదుగా భువనగిరి. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే మీకు జీరో టికెట్, నాన్నగారికి మాత్రం టికెట్ తప్పదు. పండుగకు రెండు రోజుల ముందు ఆ రూట్లో నిలబడడానికి కూడా చోటుండదు. భోగి నాడు అసలు బయల్దేరొద్దు.

నాకు గుట్ట ఎక్కిన అనుభవం లేదు గానీ సికింద్రాబాద్–కాజీపేట మధ్య ఏళ్ల తరబడి రోజూ తిరిగినవాణ్ణి. మీ తాతగారి మాట నిజం. రైల్లో కూర్చుంటే ఎంతసేపటికీ అది కిటికీలోంచి పోదు.

గుట్టకింద ఇల్లు

స్వాతి చెల్లె, మీ పోస్ట్ ఇప్పుడే చూశా. మాది భువనగిరే. మా తాత, మా నాయిన రాయి కొట్టి బతికినోళ్లు. నేను ఐటీఐ చేసి కరెంటు పనిలో పడ్డా గానీ చిన్నప్పుడు సెలవులన్నీ సమ్మెట చప్పుడు మధ్యనే గడిచాయి. అందుకని కోట గురించి కంటే బండ గురించే ఎక్కువ చెప్తా. ఏమనుకోకండి.

ముందు నాన్నగారి సంగతి. రోడ్డు మీది నుంచి కింది దర్వాజా దాకా ఆయన నిదానంగా వచ్చేయొచ్చు. అక్కడి నుంచి మెట్లు. కొన్ని కట్టినవి, కొన్ని బండలోనే తొలిచినవి. ఎత్తులు ఒకదానికొకటి కుదరవు. ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలంత. అరిగిన మోకాళ్లకు ఇదే అసలు కష్టం. పైగా దిగేటప్పుడు రెట్టింపు. మొదటి వరస బురుజుల దాకా, ఓపిక ఉంటేనే, మధ్యమధ్య కూర్చుంటూ రానివ్వండి. ఆ పైన బండ నున్నగా వాలుగా ఉంటుంది. రెయిలింగ్ పట్టుకుని ఎక్కాలి. అక్కడికి మాత్రం తీసుకుపోవద్దు. ఆయన "నాకేం కాదు" అంటారు. మా నాయిన కూడా అట్లనే అనేవాడు.

కింద ఆగితే ఏముందని అడిగారు. నన్నడిగితే గుట్టను చూడాల్సింది కింది నుంచే. పైకి పోయినోళ్లకు ఊరు కనిపిస్తుంది, గుట్ట కనిపించదు. పొద్దున ఏటవాలు ఎండలో తూర్పు దిక్కు నుంచి చూడమనండి. బండ మీద పై నుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది పొగ మరకలనుకుంటారు. అవి వాన నీళ్లు దిగే దారులు. తడి నిలిచిన చోట కంటికి కనబడనంత చిన్న నాచు, రాతిపూత పట్టి ఎండలో నల్లబడుతుంది. ఏ వాన ఎటు దిగిందో బండ మీద రాసిపెట్టి ఉంటుంది. బాబుకు చెప్పండి, ఆ నల్ల చార మీద తడి ఉన్నప్పుడు కాలు పెట్టొద్దని. తెల్ల బండ మీద నిలబడే చెప్పు దాని మీద జారుతుంది.

ఇక "ఎవరు పెట్టిండ్రు" అన్న ప్రశ్న. ఎవరూ పెట్టలేదు, ఎక్కడి నుంచీ రాలేదు. అది భూమి లోపల పుట్టింది. మన తెలంగాణ గ్రానైట్‌లో చాలా భాగం వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. కిలోమీటర్ల లోతులో కరిగిన రాయి మెల్లగా, చాలా మెల్లగా గట్టిపడింది. మెల్లగా చల్లారింది కాబట్టే రవ్వలు అంత పెద్దగా ఉంటాయి. చేతిలోకి ఒక ముక్క తీసుకుని చూడమనండి. అద్దంలా మెరిసేది పలుగురాయి, గులాబీ రంగో తెలుపో ఉండేది ఫెల్‌స్పార్, నల్లగా మినుకుమనేది అభ్రకం జాతి. పైనున్న మట్టి, రాయి కోట్ల ఏళ్లు కొట్టుకుపోయాక ఇది బయటపడింది. చుట్టూ ఉన్న రాయిలో పగుళ్లు ఎక్కువ ఉంటే అందులోకి నీళ్లు దిగి అది తొందరగా మట్టయింది. పగుళ్లు తక్కువ ఉన్నచోట రాయి నిలబడింది. అంటే గుట్ట పైకి లేవలేదు, చుట్టుపక్కల నేల దిగిపోయింది. పిల్లలకు ఈ మాట చెప్తే నోరు తెరుచుకుని చూస్తారు.

గుండ్రంగా ఎందుకుంది? మీద బరువు పోయేసరికి రాయి కొంచెం ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు పై తలానికి సమాంతరంగా పొరలు పొరలుగా విడుతుంది, ఉల్లిగడ్డ పొట్టు లేచినట్టు. పై పొరలు పలచన, లోపలికి పోయినకొద్దీ మందం. మా నాయినవాళ్ల పని మొత్తం ఈ పొర మీదనే. సమ్మెటతో కొడితే నిండు రాయి ఖంగున మోగుతుంది, పొర విడిన చోట డొల్ల చప్పుడు. ఆ చప్పుడు వినే ఎక్కడ కొట్టాలో చెప్పేవాళ్లు. ఇదివరకు బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు, వేడికి పై పొర లేచి చిటపటమని విడిపోయేది. తర్వాత గడ్డపారతో లేపడమే. మన పాత ఇళ్ల ముందు అరుగు బండలు, పొలాల్లో కడీలు (రాతి స్తంభాలు) చాలావరకు అట్ల లేచినవే. మీరు ఎక్కేటప్పుడు పెద్ద పెద్ద చాపబండలు వాలులో అట్లనే ఆగి కనిపిస్తాయి. వాటి కింద నీడ ఉంది కదా అని కూర్చోవద్దు. నీడ అనుకుని తొండలు, తేళ్లు కూడా అక్కడే ఉంటాయి.

చివరగా నేను అందరికీ చెప్పేది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: నీళ్లు. పైకి పోయాక అందరూ తోరణాల మహల్ ముందు సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. నీటి గుంటలు చూడరు. బండ మీద సహజంగానే దొనలు పడతాయి. ఒక చిన్న గుంటలో నీళ్లు నిలిస్తే ఫెల్‌స్పార్ మెత్తబడి పొడి అవుతుంది, ఎండాకాలం గాలికి ఆ పొడి ఎగిరిపోతుంది, మళ్లీ వానకు గుంట ఇంకొంచెం లోతవుతుంది. కోట కట్టినోళ్లు ఇట్లాంటివాటికి కట్టలు వేసి, తొలిచి, చెరువులంత చేశారు. లెక్క చూడండి. ఒక ఎకరం మీద ఒక అంగుళం వాన పడితే లక్ష లీటర్ల పైనే నీళ్లు. కోట 40 ఎకరాలంటారు. నేల అయితే సగం తాగేస్తుంది, బండ తాగదు. సగం పక్కలకు జారిపోయినా ఒక్క అంగుళం వానకు 20 లక్షల లీటర్లు. గోడలు, ఫిరంగులు ఉన్న కోటలు దేశమంతా ఉన్నాయి. ముట్టడి వేసి దాహంతో చంపుదామంటే కుదరని కోట ఇది. శత్రువు కింద ఎండలో కూర్చుంటే, పైనున్నవాడు నిరుటి వాన తాగుతూ కూర్చునేవాడు. నా దృష్టిలో ఈ కోట అంటే ఆ గుంటలే, మిగతాది ఆ తర్వాత.

సంక్రాంతికి పోతే వాటిలో ఇంకా నీళ్లుంటాయి. లోతు తెలియదు, అంచులు నాచు పట్టి ఉంటాయి. బాబు చెయ్యి వదలొద్దు. తాగే నీళ్లు మాత్రం కింది నుంచే తీసుకుపోండి. బిస్కెట్ పొట్లాలు చేతిలో పట్టుకుని నడవొద్దు, కోతులు గుంజుకుంటాయి. బండ పక్కలకు పెద్ద తేనెపట్లు కనిపిస్తే గట్టిగా అరవడం, రాళ్లు వేయడం, సిగరెట్లు, ఏవీ వద్దు. కొండతేనెటీగలు లేస్తే ఆ వాలులో పరిగెత్తడానికి చోటుండదు.

పాత తాలూకా

బండ సంగతి అన్న చెప్పాడు, చరిత్ర నేను అందుకుంటా. నేను నల్గొండ వాణ్ణి, ఇట్లాంటివి చదవడం, తిరగడం అలవాటు.

కోటకు ఆ పేరు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి వల్ల వచ్చింది. ఆయన బిరుదు త్రిభువనమల్ల, గుట్ట త్రిభువనగిరి. 1076 నుంచి 1126 దాకా ఏలాడు. అప్పట్లో ఈ ప్రాంతానికి పెద్ద కేంద్రం ఇక్కడికి దగ్గర్లోని కొలనుపాక. అక్కడి జైన మందిరం, సోమేశ్వరాలయం చూడకపోతే భువనగిరి సగమే అర్థమవుతుంది. తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు. పైన మీరు చూసే కమాన్లు ఆ తర్వాతి కాలానివి, చాళుక్యులవి కావు. గైడ్లు అన్నీ కలిపి రుద్రమదేవి ఖాతాలో వేస్తారు.

ఇంకో పేరు తప్పకుండా గుర్తుపెట్టుకోండి, సర్వాయి పాపన్న. గౌడ కులంలో పుట్టి, మొగల్ అధికారులకు, జమీందార్లకు ఎదురు తిరిగి సొంత కోటలు కట్టుకున్నవాడు. 1708లో వరంగల్ మీద పడ్డాడు, ఆ తర్వాత భువనగిరి మీద దాడి చేశాడు. 1710లో పట్టుకుని చంపేశారు. ఆయన కోట ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో ఇంకా ఉంది. గోల్కొండ ఏలాడని కథలు చెప్పేవాళ్లు పాడతారు. కథలో అంత, చరిత్రలో ఇంత. ఇంత అయినా తక్కువేం కాదు.

మీ తాతగారు పోయిన 1944 సభ ఆంధ్ర మహాసభ పదకొండవది, అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. ఆయనది భువనగిరి దగ్గరి బొల్లేపల్లే. మహాసభ రెండుగా చీలింది అక్కడే. మితవాదులు విడిపోయారు. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మీ తాతగారిలాంటి వాళ్లు లోపలికి రాగలిగింది ఆ నాలుగణాల వల్లనే. ఆ తర్వాత ఊరూరా మహాసభనే 'సంగం' అన్నారు. 1951లో, అదే జిల్లాలో పోచంపల్లిలో, ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు భూదానంగా ఇస్తానన్నది కూడా, ఈ సంగం నడిపిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం వెనక నుంచి చూస్తేనే అర్థమవుతుంది. 1952లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి పార్లమెంటుకు గెలిచినప్పుడు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి.

మీ నాన్నగారు మెట్లు ఎక్కలేకపోతే బాధపడొద్దని చెప్పండి. వాళ్ల నాన్న వచ్చింది కోటకు కాదు, కింద సభకు.

నవీన్_ఎల్బీనగర్

అక్కడి నుంచి గోల్కొండకు సొరంగం ఉందంటారు కదా బ్రో, అది ఎవరూ చెప్పట్లేదు. ఇంకోటి, రోప్‌వే వేస్తామని సర్కారు ప్రకటించింది. అప్పటిదాకా ఆగితే అంకుల్‌ను కూడా పైకి తీసుకుపోవచ్చు. లేదంటే మోకాళ్ల నొప్పికి గుట్టెందుకు, యాదగిరిగుట్టలో దర్శనం చేసుకుని వచ్చేయండి. దగ్గరే కదా.

గుట్టకింద ఇల్లు

నవీన్ తమ్మీ, ప్రతి కోటకూ గోల్కొండకో ఓరుగల్లుకో ఒక సొరంగం ఉంటుంది మన దగ్గర. కోటలో భూమి లోపల గదులున్నాయి, నిజం. కానీ ఇక్కడి నుంచి గోల్కొండకు మధ్యలో ఉన్నదంతా ఇదే గ్రానైట్. ఇప్పుడు కంప్రెసర్లు, జాకీ డ్రిల్లులు, మందుగుండు ఉండి కూడా క్వారీలో రోజుకు ఎంత ముందుకు పోతారో వచ్చి చూడు. ఉలితో ఆ సొరంగం తొలవాలంటే చాళుక్యులు మొదలుపెట్టినది ఇప్పటికీ ఘట్కేసర్ దాటి ఉండదు.

రోప్‌వే విషయంలో నాకు రెండు మనసులు. మా నాయిన చివరి రోజుల్లో పైకి పోవాలని అడిగాడు, మేం తీసుకుపోలేకపోయాం. అట్లాంటివాళ్ల కోసం వస్తే మంచిదే. కానీ స్తంభాల కోసం బండలో ఎక్కడ రంధ్రాలు వేస్తారో, పైన నీటి గుంటల పక్కన ఏం కడతారో అని గుబులు. పైన ఒక హోటల్ పెట్టిన్రంటే ఆ దొనలు ఆ ఏడాదే ప్లాస్టిక్ గ్లాసులతో నిండుతాయి. ఇప్పటికే పెయింట్‌తో పేర్లు రాసి సగం బండ పాడు చేశారు. చుట్టుపక్కల కోట లేని గుట్టల గతి అయితే చెప్పాల్సిన పని లేదు. కట్టర్ పెట్టి కోసి లారీలెక్కించారు. చాళుక్యులు ఇక్కడ కోట కట్టకపోయి ఉంటే ఈ గుట్ట కూడా ఈపాటికి ఎవరి కిచెన్‌లోనో నున్నటి పలకై ఉండేది. ఆ పని మావాళ్లు కూడా చేశారు, కూలి కోసం. అందుకని ఎవరినీ తిట్టను.

యాదగిరిగుట్టకు పోవద్దని నేను అనను. 2022లో గుడి తిరిగి తెరిచాక అందరం పోయాం. రాయి చూసే అలవాటు కాబట్టి చెప్తున్నా, అక్కడ గుడికి వాడింది నల్లటి కృష్ణశిల, ప్రకాశం జిల్లా వైపు నుంచి తెచ్చారు. మన బండ కాదు. చేతితో తడిమితే తేడా తెలుస్తుంది.

ఒకటి మర్చిపోయా. బాబు ఎత్తులు ఎక్కే రకమన్నారు కదా. పూర్ణ, ఆనంద్ ఈ గుట్ట మీదనే రాతి ఎక్కుడు నేర్చుకున్నారని వాడికి చెప్పండి. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్ట్ ఎక్కారు. మాలావత్ పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. తాడు, హెల్మెట్, నేర్పే మనిషి ఉంటేనే వాళ్లు బండకు చెయ్యేశారని కూడా అదే ఊపిరిలో చెప్పండి.

స్వాతి_మిర్యాలగూడ

అన్నా, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్. పాత తాలూకా గారు, నాలుగణాల సంగతి నాన్నకు చదివి వినిపించాను. "మా నాయిన దగ్గర రూపాయి ఎక్కడిది" అన్నాడు. బస్సుకే పోతున్నాం, కనుమ తెల్లారి. వచ్చాక రాస్తాను.

స్వాతి_మిర్యాలగూడ

పోయొచ్చాం. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

పొద్దున్నే చేరితే చలి, ఎక్కడం హాయిగా ఉంది. ఎండ ఎక్కాక దిగేవాళ్లకు బండ సెగ బాగా తగులుతోంది. జనవరిలోనే ఇట్లా ఉంటే మే నెలలో పోయేవాళ్లు ఎట్లా పోతారో. ఒక అమ్మాయి హై హీల్స్‌తో వచ్చి, చేతిలో పట్టుకుని దిగింది. బూట్లలోనూ కింది భాగం అరిగినవి వద్దు, మా తమ్ముడివి జారుతూనే ఉన్నాయి.

నాన్న కింది దర్వాజా దాటి కొన్ని మెట్లు ఎక్కాడు. ఇక చాలన్నాడు, తనంతట తనే. మా తమ్ముడు ఆయన దగ్గర ఆగాడు కాబట్టి నేను, బాబు పైకి పోగలిగాం. ముగ్గురమే పోయి ఉంటే నేనూ కిందే ఉండేదాన్ని. అందుకని పెద్దవాళ్లతో పోయేవాళ్లు ఇంకో మనిషిని తోడు తీసుకుపోండి. కింద కూర్చోవడానికి నీడ ఉంది గానీ కుర్చీలాంటిదేం లేదు, ఒక దుప్పటి పనికొస్తుంది. బాత్రూముల మీద ఆశ పెట్టుకోవద్దు. ఊర్లోనే చూసుకుని రావాలి.

నల్ల చారలు చూశాం. దొనల్లో నీళ్లున్నాయి, పచ్చగా. బాబు అంచు దాకా పోలేదు, నేనే పోనివ్వలేదు. కానీ వాడు ఒకచోట బండ మీద వరసగా చిన్న చిన్న గుంటలు చూశాడు. బొటనవేలు దూరేంత, కొంచెం పొడుగ్గా, అన్నీ ఒకే దూరంలో. ఇంకోచోట ఒకే ఒక్క గుంట, బాగా పెద్దది, గుండ్రంగా. ఎవరు చేశారని అడిగితే గైడ్ "రాజులు ఆడుకునేవాళ్లు" అన్నాడు. అన్నా, అవేంటి?

గుట్టకింద ఇల్లు

రాజులు ఆడుకోలేదు తల్లీ, మా తాతల తాతలు పని చేశారు.

వరసగా ఉన్నవి చీలలు దింపే గుంటలు. కోట గోడల రాయి బయటి నుంచి మోసుకొచ్చింది కాదు, చాలావరకు ఈ గుట్టదే. ముందు రాయి వాటం చూస్తారు. గ్రానైట్ ఎటు పడితే అటు పగలదు, దానికి ఒక దిక్కు ఉంటుంది. ఆ దిక్కున సున్నంతోనో జాజుతోనో గీత గీసి, గీత మీద ఉలితో గుంటలు తవ్వుతారు. ఒక్కో గుంటలో ఇనుప చీల పెడతారు. తర్వాత ఒకే చీలను గట్టిగా కొట్టరు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతారు, మళ్లీ మొదటి నుంచి వస్తారు. బలం అన్నింటి మీద సమానంగా పడాలి. కొంతసేపటికి చప్పుడు మారుతుంది. సన్నటి గీత ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పాకుతుంది. అప్పుడు దెబ్బలు ఆపి కాసేపు వదిలేయాలి, రాయే విడిపోతుంది. తొందరపడి కొడితే అడ్డంగా పగిలి పనికిరాకుండా పోతుంది. మీ బాబు చూసింది గుంటలు తవ్వి వదిలేసిన రాయి. వాటం కుదరక వదిలేశారో, గోడకు కావలసినంత రాయి వచ్చి ఆపేశారో.

పాతదా కొత్తదా అని తెలియాలంటే గుంట ఆకారం చూడండి. మీరు చెప్పినట్టు పొడుగ్గా, నలుపలకగా ఉంటే ఉలితో తవ్వినది. సన్నగా, గుండ్రంగా, పైపు దించినట్టు నిట్టనిలువుగా లోపలికి పోతే అది జాకీ డ్రిల్లు, మన కాలంది. గోడ రాళ్ల అంచుల్లో కూడా సగం గుంటలు కనిపిస్తాయి. చీలిన రాయి ఒక ముక్క మీద సగం, రెండో ముక్క మీద సగం. ఈసారి పోతే బాబును వాటి జత వెతకమనండి, పొద్దంతా కదలడు.

పెద్ద గుండ్రటి గుంట ఒక్కటే ఉందంటే అది గుంజ పాతినది అయ్యుండొచ్చు, పందిరి కోసమో జెండా కోసమో. లేదా దంచుకునే రోలు. లోపలి అడుగు నున్నగా అరిగి ఉంటే రోలు, గరుకుగా ఉంటే గుంజ. వేలు పెట్టి చూశాడా వాడు?

స్వాతి_మిర్యాలగూడ

పెట్టాడు. నున్నగా ఉందంటున్నాడు.

గుట్టకింద ఇల్లు

అయితే రోలే.